బొంతకుట్టు మిషను ఎక్కడ కొనవలెను?

గత మార్గశిరమాసమున ఒకనాటి రాత్రి, మేము స్టేషనులో పని ముగించుకొని యిల్లు చేరిన వేళకు, జగ్గయ్యపేట దాపున నున్న పల్లెనుండి మా పెద్దక్కయ్య ఫోను చేసెను. "ఇంక సూది పట్టలేనురా తమ్ముడూ. వేళ్ళు ముడుచుకోవడం లేదు. ఏదో ఒక మిషను చూసిపెట్టండి" అని ఆమె మాట.

ఆ మాట వెనుక నున్న సంగతి చెప్పినగాని శ్రోతలకు మా తొందర బోధపడదు. మా అమ్మగారు గతించి అప్పటికి ఏడాది నిండలేదు. ఆమె ట్రంకుపెట్టెలో పందొమ్మిది నూలుచీరలు మిగిలినవి. కట్టుకొనుటకు వీలుగా లేవు. ఎవరికైన నిచ్చివేయుటకు మనసొప్పదు. నలుగురు మనుమలకు నాలుగు బొంతలు కుట్టి యిత్తునని కర్మాంతరము నాడు అందరి యెదుట అక్కయ్య మాట యిచ్చెను. మొదటి బొంత సగమైనదో లేదో, కీళ్ళవాతము ఆమె చేతివేళ్ళను పట్టినది. కనుక మిషను కొనవలెను. కొనుట నిశ్చయమైనదే, ఎక్కడ కొనవలెనను దానిమీద మా యింట పదిదినములు వాదము నడచినది.

బొంత యనగా ఏమో పట్టణపు పిల్లలకు ఒక మాట చెప్పుట మంచిది. చీరను నడుమకు మడిచిన రెండు పొరలగును. నాలుగు చీరలు ఒకదానిమీద నొకటి పరచిన ఎనిమిది పొరలు. చిరుగులు పట్టిన చీరలు లోపలికి, గట్టిగా నున్నవి పైకిని అడుగునకును పోవును. అంచునుండి మొదలిడి లావుపాటి సూదితో చుట్టు తిరుగుచు నడుమకు వచ్చి చేరుదురు. సంస్కృతమున దీనినే కంథ యందురు. వంగదేశపు స్త్రీలు కుట్టు కాంథా దుప్పట్లకు ఆ పేరే వచ్చినది. మన మెట్టప్రాంతమున మిరపకోతలు, పత్తితీతలు ముగిసిన పిమ్మట మధ్యాహ్నపు వేళ అరుగులమీద ఆడువారు చేయు పని యిది. తండాలలోని లంబాడీ స్త్రీలు ఇదే పనిని రంగురంగుల దారములతో, మనవారికంటె ఎంతో నేర్పుగా చేయుదురు. చేతితో ఒక్క బొంతకు నెల పట్టును, ఓపికగలవారికి.

మేము మొదట చేసిన పొరపాటు, ఎక్కడ కొనవలెనని అడుగుటకు ముందు ఎటువంటిది కొనవలెనని అడుగక పోవుట. రవికెలు, గౌనులు కుట్టుటకు చాలిన మిషను బొంతకు చాలదు. కుట్టుమిషనులో క్రింది పళ్ళు బట్టను వెనుకకు నెట్టును. పైనుండి పాదము బట్టను నొక్కి పట్టును. రెండు పొరలైనచో రెండును కలిసి నడచును. ఎనిమిది పొరలైనచో అడుగుపొర పళ్ళతోపాటు పోవును, పైపొర పాదము క్రింద వెనుకబడును. కుట్టు చివరకు వచ్చుసరికి పైచీర నాలుగువ్రేళ్ళు మిగిలి ముడుతలు పడును. దీనికి విరుగుడు, పాదముపై నున్న మరను వదులుచేసి ఒత్తిడి తగ్గించుట. లేదా వాకింగ్ ఫుట్ అను ప్రత్యేకపు పాదమును బిగించుట. ఆ పాదమునకును పళ్ళుండి పైపొరనుగూడ క్రిందిపొరతో సమముగ నడిపించును. ఇక రెండవది, పాదము ఎంత యెత్తు లేచును? ఎనిమిది పొరలు దూరవలెను గదా. మూడవది, సూదికిని మిషను కంబమునకును నడుమనుండు ఖాళీ. చుట్టచుట్టిన బొంత ఆ సందులో ఇమిడి కదలవలెను. ఇంటివాడుక మిషనులలో అది జానెడుకంటె మించి యుండదు.

ఈ విషయము మాకు పుస్తకములవలన గాక, మా వీధిలోని దర్జీవలన తెలిసినది.

మాటవరుసకు కొంత చరిత్ర. 1846లో ఎలియాస్ హో, 1851లో ఐజాక్ సింగర్ అమెరికాలో కుట్టుమిషనులకు హక్కుపత్రములు పొందిరి. పైదారము క్రిందిదారముతో బట్ట నడుమ పెనవేసికొను ఆ కుట్టే నేటికిని మన దర్జీల కుట్టు. వాయిదాలమీద వస్తువునమ్ము పద్ధతిని ఇల్లిల్లు ఎరుగునట్లు చేసినదియు సింగర్ కంపెనీయే. యంత్రవ్యామోహమును నిరసించిన గాంధీమహాత్ముడు సైతము 1924లో ఒక సంభాషణమున కుట్టుమిషనును మినహాయించెను. భార్య చేతికుట్టుతో పడు శ్రమ చూడలేక సింగర్ దానిని కల్పించెనని ఆయన మెచ్చుకొనెను. సింగర్ గృహస్థజీవితమును గూర్చి చదివినవారు ఆ ప్రేమకథను అంతగా నమ్మరు, అది వేరుమాట. మన దేశమున 1930ల దశకములో కలకత్తాలోని జయ్ ఇంజనీరింగు వర్క్సువారు ఉషా మిషనులను తయారుచేయ మొదలిడిరి. అటుపిమ్మట పంజాబులోని లూధియానా నగరము ఈ పరిశ్రమకు పెద్ద కేంద్రమైనది. మన యూళ్ళలో కనుపించు నల్లని ఇనుపమిషనులలో అనేకము అక్కడినుండి వచ్చినవే.

ఇక వాదమునకు వత్తుము. మా మేనల్లుడు సెల్‌ఫోను తెర చూపి, "మామయ్యా, ఇక్కడ నొక్కితే నాలుగోరోజుకి ఇంటికొస్తుంది, పైగా తొమ్మిదివందలు తక్కువ" అనెను. తెల్లని మిషను, పదునాలుగు రకముల కుట్లు, మోటారు. వాని తండ్రి, అనగా మా బావగారు, ఆ మాటకు మౌనము వహించిరి. ఆరేండ్ల క్రిందట ఆయనయే అటువంటి దొకటి దూరపు వ్యాపారివద్ద తెప్పించియుండిరి. పెట్టె విప్పి చూచిన కుట్టు పడలేదు. సూది దిగువేళకు క్రింది కొక్కెము దారమును అందుకొనుట లేదు. సరిచేయువారు చుట్టుపట్ల దొరకలేదు. తిరిగి పంపు గడువు దాటిపోయెను. అది నేటికిని అటకమీద నున్నది. పెట్టెలో వచ్చిన మిషనులన్నియు అట్టివే యని మేము చెప్పుట లేదు. కాని దారిలో కుదుపులకు మిషనులోని పొందిక ఒక వెంట్రుకవాసి తప్పినను కుట్టు దప్పును. దానిని సరిచేయు చేయి దగ్గరలో నుండవలెను. 2019నాటి వినియోగదారుల రక్షణచట్టము ననుసరించి, కొనినవారు తాము నివసించు జిల్లాలోని కమిషనునందే ఫిర్యాదు చేయవచ్చును; 1915 అను నంబరుకు ఫోనుచేసియు చెప్పుకొనవచ్చును. ఆ సంగతి ఆనాడు బావగారికి తెలియదు.

మా మొగ్గు విజయవాడవైపు. ఉద్యోగము అక్కడ, తెలిసిన బజారులు అక్కడ, పది రకములను ఒకచోట చూచి ఎంచుకొనవచ్చు నక్కడ. అక్కయ్యను పిలిపించి ఒక పెద్ద దుకాణమునకు తీసికొనిపోతిమి. ఆమె తనవెంట గుడ్డసంచిలో ఒక మాదిరిముక్క తెచ్చుకొన్నది. పాత పంచెలను ఎనిమిది పొరలు మడిచి మూర పొడవున కత్తిరించినది. అమ్మ చీరలలోని దానిని మాత్రము తాకలేదు. దుకాణపు కుర్రవాడు పలుచని పాప్లిన్ గుడ్డమీద అందముగా కుట్టి చూపెను. పువ్వులు వేసెను, ఆకులు వేసెను. అక్కయ్య తన ముక్క తీసి యిచ్చి, "దీనిమీద కుట్టు బాబూ" అనెను. అతడు నవ్వి, "కొన్నాక మీ ఇంట్లో కుట్టుకోండమ్మా, షోరూము పీసుమీద అట్లాంటివి కుట్టనివ్వరు" అనెను. అక్కయ్య ముక్కను మడిచి సంచిలో పెట్టుకొని బయటికి నడచెను. పదివేల రూపాయలు దాటిన వస్తువును పరీక్షింప నీయని చోట ఎంత చల్లగాలి వీచిన నేమి?

జగ్గయ్యపేటలో విషయము త్వరగనే తేలినది. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు బేతవోలును పెంపుచేసి తన తండ్రి పేరు పెట్టిన ఊరది. వ్యాపారమునకు వెలితి లేదు. అయితే మేము విచారించిన దుకాణమున ఫ్యానులు, మిక్సీలతోపాటు రెండే మిషనులున్నవి. యజమాని నిజము చెప్పెను: "అమ్మటం వరకే నేను. రిపేరొస్తే బెజవాడ పంపాలండి." ఆ నిజమునకు ఆయనకు నమస్కరించి వచ్చితిమి.

నందిగామ అక్కడికి సుమారు 30 కిలోమీటర్లు. హైదరాబాదు రాజమార్గముమీద బస్సులకు కొదువ లేదు. 2022 ఏప్రిలులో జిల్లాలు మారి ఈ మెట్టసీమ ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది గాని, మా యక్కయ్య నోట ఇంకను కృష్ణాజిల్లాయే. ఆ ఊర మిషనులు అమ్ముచు, బాగుచేయుచు నుండు ఒక పెద్దాయన యున్నాడని మా దర్జీయే చెప్పియుండెను. చిన్న గది. గోడలకు చక్రములు, బెల్టులు, నేలమీద విప్పిన మిషనులు, నూనెవాసన. అక్కయ్య సంచి విప్పకముందే ఆయన అడిగిన మొదటిమాట, "ఎన్ని పొరలమ్మా? కొత్తగుడ్డా, పాతచీరలా?"

అన్ని అంగళ్ళు తిరిగిన మీదట ఆ ప్రశ్న వేసిన మొదటి మనిషి ఆయనయే. ముక్క తీసికొని కాళ్ళతో తొక్కు నల్లమిషనుమీద పెట్టి, పాదపు మరను రెండుచుట్లు వదులుచేసి కుట్టెను. మొదట దారము తెగెను. పైదారము బిగువు తగ్గించి మరల కుట్టెను. ఈమారు నిలిచినది. "పాతనూలుకి మరీ లావుసూది వెయ్యకండమ్మా, బొక్కలుపడి అక్కడే చినిగిద్ది. పద్నాలుగో నంబరుతో మొదలుపెట్టండి. ఆగిపోతే పదహారు. కుట్టు మాత్రం దగ్గరదగ్గర వద్దు" అని చెప్పెను. ఆలోచింపగా అది సత్యమే. సన్నకుట్టు పాతబట్టను చిల్లులవరుసగా చేయును; తపాలాబిళ్ళలు చింపునట్లు ఆ వరుసవెంబడి చిరుగును. మూడు మిల్లీమీటర్లకు తక్కువ కాని కుట్టు మంచిది.

మోటారు పెట్టింతుమా యని మేము అడిగితిమి. అక్కయ్యయే వలదనెను. ఆమెకు నొప్పి చేతులకు గాని కాళ్ళకు గాదు. మందమైన చోట, రెండు చీరల అంచులు కలిసినచోట, సూదిని ఒక్కొక్క పోటుగా దింపవలసి వచ్చును; తొక్కుడుపలకమీద కాలికి ఆ ఆధీనత యుండును. కావలెనన్న తరువాత మోటారు తగిలించుకొనవచ్చునని పెద్దాయన కూడ అనెను. తెరమీది ధరకంటె ఏడువందలు ఎక్కువైనది. బిల్లు అడిగి తీసికొంటిమి. 2025 సెప్టెంబరు 22 నుండి కుట్టుమిషనులపై జి.ఎస్.టి. నూటికి 12 నుండి 5కు తగ్గినది గనుక, ఆ పంక్తిని చూచుకొనుట శ్రోతలకును మంచిది. కుట్టుపనియే జీవనాధారమైన దర్జీలకు 2023లో ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకమున పనిముట్లకై 15,000 రూపాయల వరకు సాయమున్నది. మా యక్కయ్యవంటి గృహిణులకు అది వర్తింపదు.

ఇంటికి తెచ్చిన వెంటనే సుఖమైనదని యనుకొనరాదు. మొదటివారము అక్కయ్య తన అలవాటుచొప్పున అంచునుండి లోపలికి కుట్టుకొనిపోయెను. నడుమకు వచ్చుసరికి బట్ట అప్పడమువలె పొంగినది. చేతిసూది ఎక్కడికక్కడ బట్టను సర్దుకొనును, మిషను సర్దదు. పెద్దాయనకు ఫోను చేయగా, నడుమనుండి అంచులకు కుట్టుమనెను. ముందుగా పొరలన్నిటిని పెద్దపెద్ద కుట్లతో పట్టించుకొమ్మనెను. "యాభై ఏళ్ళు కుట్టినదానికి నాకు బొంత నేర్పుతాడా" అని అక్కయ్య రెండుదినములు మిషను ముట్టలేదు. మూడవనాడు కుట్టంతయు విప్పి, నడుమనుండి మొదలిడెను. అదియును మా అమ్మగారి చీరలమీద గాదు. అటకమీది పాత దుప్పట్లమీద.

మాఘమాసమునకు రెండు బొంతలు పూర్తియైనవి. చుట్టు అంచులను ఆమె నొప్పిగానే యున్నను చేతితోనే కుట్టినది. అక్కడ మిషను వలదన్నది. సందు చాలక బొంతను చుట్టచుట్టి దూర్చుటకు మా వదినగారు ఎదుట కూర్చుండి పట్టుకొనవలసి వచ్చుచున్నది. వాకింగ్ ఫుట్ ఒకటి తెప్పింపుమని నందిగామకు చెప్పియుంచితిమి. అది వచ్చిన తరువాతనే మూడవదానికి చీరలు పరతునని అక్కయ్య కూర్చున్నది. మేనల్లుడు మాత్రము ఆ పాదము ఫోనులో ఎంతకు దొరకునో ఇంకను వెదకుచునే యున్నాడు.