చిన్నవాళ్ల ఎదుట పెద్దవాళ్లు

(విడవలూరులో చేసిన పుచ్చలపల్లి సుందరయ్య స్మారకోపన్యాసం పాఠం)



సుందరయ్య గారి జీవితం గురించి ఈ సభకు మొదటినుంచీ చెప్పుకురావడం అనవసరం. 1913 మే 1న అలగానిపాడులో పుట్టడం, తెలంగాణ పోరాటానికి నాయకత్వం, 1964 నుంచి పన్నెండేళ్లపాటు మార్క్సిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శిగా పనిచేయడం, 1985 మే 19న కన్నుమూయడం ఇక్కడి బడిపిల్లలకు కూడా తెలిసినవే. ఆయన చరిత్రను నడిపించారు, తెలంగాణా ప్రజల సాయుధ పోరాట చరిత్రను తానే రాశారు కూడా. కనుక ఆయన పేరిట జరిగే ఉపన్యాసంలో పొగడ్తల కంటే సాక్ష్యాల పరిశీలనకే ఎక్కువ చోటివ్వడం న్యాయం.

ఈనాటి విషయం ఇది: నాయకుడికీ మామూలు మనిషికీ మధ్య జరిగే చిన్న కలయిక ఆ నాయకుడి స్వభావం గురించి ఏం చెబుతుంది? చాలా చెబుతుంది. అయితే జనం చెప్పుకునే ప్రతి ముచ్చటా సాక్ష్యం కాదు. ముందు మూడు సంగతులు తేల్చుకోవాలి. ఆ కలయికను మనకు చెప్పింది ఎవరు? దానివల్ల నాయకుడు ఏమైనా వదులుకున్నాడా? మర్నాడు, మరుసటేడు కూడా అలాగే నడుచుకున్నాడా?

జమీందారుల కాలాన్ని త్వరగా దాటేద్దాం. అప్పట్లో నాయకుణ్ణి కలవడమంటే దర్శనానికి వెళ్లడమే. వచ్చినవాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఆ ఘట్టాన్ని కొలువు పక్షం వాళ్లే రాసిపెట్టారు. నిలబడినవాడి మాట మనదాకా రాలేదు.

అసలు మార్పు 1921 ఏప్రిల్‌లో వచ్చింది. గాంధీ తెలుగు జిల్లాల్లో తిరుగుతున్నారు. కాకినాడలో దుర్గాబాయి అనే చిన్నపిల్లకు ఒక ఆలోచన వచ్చింది. దేవదాసీలూ బురఖా వేసుకునే ముస్లిం స్త్రీలూ ఆయన మాట వినాలి. నిర్వాహకులు అయిదు వేల రూపాయల నిధి కావాలన్నారు, అయిదు నిమిషాలే ఇస్తామన్నారు. ఆ స్త్రీలే డబ్బు పోగుచేశారు. గాంధీ వచ్చి, ఇచ్చిన గడువు దాటినా లేవకుండా మాట్లాడుతూ ఉండిపోయారు. ఆడవాళ్లు ఒంటిమీద నగలు తీసి ఇచ్చారు. ఆయన హిందీ మాటలను ఆ పిల్లే తెలుగులో చెప్పింది. ఈ వృత్తాంతం మనకు దక్కింది దుర్గాబాయి స్వయంగా రాసినందువల్లే. ఆ సమావేశానికి షరతులు పెట్టింది నిర్వాహకులు, గడువును లెక్కచేయనిది గాంధీ. నాయకుడి స్వభావాన్ని అతని చుట్టూ ఉన్నవాళ్ల స్వభావం నుంచి వేరుచేసి చూడటం ఇక్కడ నేర్చుకోవచ్చు.

అదే పర్యటనలో, ఏప్రిల్ 7న, గాంధీ మన పెన్నకు అవతలి ఒడ్డున పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్యల పట్టుదల, పొణకా కనకమ్మ ఇచ్చిన స్థలం, దక్షిణాఫ్రికా నాటి మిత్రుడు రుస్తుంజీ ఇచ్చిన పదివేల రూపాయలు కలిస్తే అది నిలబడింది. అంతకుముందు విప్లవకారుల వైపు మొగ్గిన కనకమ్మ గాంధీ దారికి వచ్చి, 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు. ఒక కలయిక ఫలితం ఎన్నాళ్లు నిలుస్తుందో చూడాలంటే ఆమె జీవితాన్ని చూడాలి.

1923 కాకినాడ కాంగ్రెస్‌కు వద్దాం. ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర వలంటీరుగా ఉన్న దుర్గాబాయి, రెండణాల టికెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను లోపలికి పోనివ్వలేదు. నిర్వాహకులు పరుగున వచ్చి ఆమెను మందలించారు, టికెట్టు కొనిచ్చారు. నెహ్రూ మాత్రం ఆ పిల్ల తన పని తాను చేసిందని మెచ్చుకున్నారు. ఎన్నిసార్లు చెప్పుకున్నా వినాలనిపించే ఘట్టమే. కానీ ఇది గ్రంథస్థమయ్యే నాటికి ఆమె దుర్గాబాయి దేశ్‌ముఖ్. నెహ్రూ హయాంలో ప్రణాళికా సంఘంలో పనిచేశారు, 1953లో ఆమె పెళ్లికి ఆయనే ఒక సాక్షి. అంతమాత్రాన వృత్తాంతం అబద్ధం కాదు. చెప్పిన మనిషి ఆనాటి చిన్నపిల్లగా లేదు, అంతే. చరిత్ర చదివేవాళ్లు ఈ తేడాను మనసులో ఉంచుకోవాలి.

ఇక ఈ వక్త ఏళ్లుగా వెతుకుతున్న కాలానికి వద్దాం. 1930 నుంచి 1935 దాకా అలగానిపాడు.

సుందరయ్య గారి అసలు పేరు సుందరరామిరెడ్డి. ఆరేళ్లకే తండ్రి పోయారు. చదువు తిరువళ్లూరు, ఏలూరు, రాజమండ్రి, మద్రాసుల్లో సాగింది. పదిహేడేళ్ల వయసులో, 1930లో, లయోలా కాలేజీ వదిలి సత్యాగ్రహంలో దూకారు, జైలుకు వెళ్లారు. ఆ తరువాత ఊళ్లో ఆయన మొదలుపెట్టిన పని వ్యవసాయ కూలీలను కూడగట్టడం. కూలీలంటే ఎవరో కాదు, తమ కుటుంబపు మాగాణిలోనూ బంధువుల మాగాణిలోనూ నాట్లు వేసి కోతలు కోసేవాళ్లు. వెట్టికీ అంటరానితనానికీ వ్యతిరేకంగా నిలబడటమంటే ఆ ఊళ్లో ఎక్కడో ఉన్న ప్రభుత్వంతో కాదు, ఇంటి అరుగు మీద కూర్చున్న సొంత మనుషులతో తలపడటం. కూలీల కోసం సరుకులు చౌకగా అమ్మే దుకాణం కూడా నడిపారు.

ఆ దుకాణం దగ్గర కాస్త నిలబడాలి. వేదిక మీద మాట్లాడే నాయకుడికి కూలిమనిషి గుంపులో ఒక ముఖం. దుకాణంలో అలా కాదు. ఉప్పు ఎంత కొంటోంది, నూనె ఎంత కొంటోంది, ఏ వారం ఏమీ కొనకుండా వెనక్కి పోయింది, ఎవరి దగ్గర అప్పు పడింది అన్నీ కళ్లముందే తెలుస్తాయి. కూలిరేటు గురించి ఆయన తరువాత మాట్లాడిన ప్రతి మాటకూ వేరు ఇలాంటి రోజుల్లో ఉందని ఈ వక్త గట్టి నమ్మకం. పేరు చివరి ‘రెడ్డి’ని తీసేయడం కూడా ఈ వెలుగులోనే చూడాలి. ఆ పేరు ఊళ్లో అరుగు మీద చోటిచ్చేది, నలుగురిలో మాట చెల్లేలా చేసేది. దాన్ని ఆయన వదులుకున్నారు, మళ్లీ ఎప్పుడూ చేర్చుకోలేదు. తన వాటా ఆస్తిని అమ్మి పార్టీకి ఇవ్వడం దాని తరువాతి అడుగు. ఇందాక అడిగిన మూడు ప్రశ్నల్లో రెండో, మూడో ప్రశ్నలకు ఇవే జవాబులు.

ఇక్కడ ఒక వివాదాన్ని ప్రస్తావించక తప్పదు. ఉద్యమ చరిత్ర రాసేవాళ్లలో ఒక వర్గం సుందరయ్య గారి జీవితాన్ని అమీర్ హైదర్ ఖాన్‌తో కలయిక నుంచి మొదలుపెడుతుంది. రావల్పిండి ప్రాంతంలో పుట్టి, ఓడల్లో పనిచేసి, కమ్యూనిస్టులపై పెట్టిన మీరట్ కుట్ర కేసులో పోలీసులకు దొరకకుండా, శంకర్ అనే మారుపేరుతో మద్రాసులో పార్టీ పని చేసిన ఆ మహావ్యక్తి, మన సుందరయ్య గారిని కమ్యూనిస్టు పార్టీలోకి పిలిచారన్నది నిజం. ఆ రుణాన్ని తక్కువ చేయకూడదు. మరో వర్గం గాంధీ నుంచి మొదలుపెట్టి, తరువాతి కాలాన్ని దారిమళ్లింపుగా రాస్తుంది. ఇద్దరి మధ్యా దశాబ్దాలుగా వాదం నడుస్తూనే ఉంది. సభల్లో మాటలు పెరుగుతున్నాయి, వ్యాసాలకు ప్రతివ్యాసాలు వస్తున్నాయి.

ఈ ఇద్దరూ ఒకే చోట పొరపడుతున్నారు. మనిషిని తీర్చిదిద్దేది తనకంటే పెద్దవాడితో కలయికే అని ఇద్దరూ ముందే అనుకున్నారు. అందుకే ఏ పెద్దవాడన్న దగ్గరే పోట్లాట. తేదీలు చూడండి. కాలేజీ వదిలింది 1930లో. హైదర్ ఖాన్ మద్రాసులో అరెస్టయింది 1932లో. ఆ కొద్దికాలపు పరిచయం ఒక యువకుణ్ణి యాభై ఏళ్లు నిలబెట్టిందంటే, అతడు అప్పటికే సగం సిద్ధమై ఉండాలి. ఆ సిద్ధపాటు ఏ పార్టీ దస్త్రంలోనూ దొరకదు. అది అలగానిపాడు మాలపల్లెలో, మాగాణి గట్ల మీద దొరుకుతుంది. హైదర్ ఖాన్‌ను కలిసినవాళ్లు మద్రాసులో మరెందరో ఉన్నారు. గాంధీని చూసినవాళ్లు లక్షల్లో ఉన్నారు. సొంత ఊరికి తిరిగొచ్చి, సొంత చుట్టాల పొలాల్లో కూలీ సంఘం పెట్టినవాళ్లు ఎందరు? ఈ ప్రశ్నకు రెండు వర్గాల రాతల్లోనూ జవాబు లేదు. మూడో వర్గం ఒకటుంది. వ్యక్తుల ముచ్చట్లన్నీ పిట్టకథలు, వర్గాలూ భూసంబంధాలే చరిత్ర అని వాళ్ల వాదన. కానీ భూసంబంధం గాలిలో ఉండదు. అది సాయంత్రం కూలి కొలిచే చోట ఇద్దరు మనుషుల మధ్య ఉంటుంది. దాన్ని చూడకుండా వర్గపోరాటం గురించి రాయడం, పొలంలో దిగకుండా పంట అంచనా వేయడం లాంటిది.

సమయం మించిపోతోందని సభాధ్యక్షులు గుర్తుచేస్తున్నారు. మిగిలినవి క్లుప్తంగా.

పొట్టి శ్రీరాములు గారు నెల్లూరు వీధుల్లో హరిజనోద్ధరణ నినాదాలు రాసిన అట్టలు మెడలో వేసుకుని, చెప్పులూ గొడుగూ లేకుండా ఎండలో తిరుగుతుంటే చూసినవాళ్లు పిచ్చివాడనుకున్నారు. 1946లో మూలాపేట వేణుగోపాలస్వామి ఆలయంలో దళితుల ప్రవేశం కోసం నిరాహారదీక్ష చేశారు. 1952 అక్టోబరు 19న మద్రాసులో మొదలుపెట్టి డిసెంబరు 15న ప్రాణం విడిచిన దీక్ష ఒక్కటే మన పాఠ్యపుస్తకాల్లో పెద్దగా మిగిలింది. దాని వెనక ఉన్న పట్టుదలను నెల్లూరు వీధులు అంతకు ముందే చూశాయి.

1952లో రాజ్యసభలో కమ్యూనిస్టు పక్షానికి నాయకుడైన సుందరయ్య గారు పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లారు. అందరికీ తెలిసిన ముచ్చట కనుక వివరించడం లేదు. అది ఒక్కనాటి ప్రదర్శన కాదు, ఆయన రోజువారీ నడక అన్నదే ముఖ్యం. 1955 నుంచి గన్నవరం శాసనసభ్యత్వం. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు, అరవై నాలుగేళ్ల వయసులో వలంటీర్లతో కలిసి సహాయ పనుల్లో దిగారు.

1982 తరువాతి కథ మరీ వేగంగా చెప్పాలి. ఎన్టీఆర్ చైతన్యరథం నాయకుణ్ణి ఊరి నడిబొడ్డుకు తెచ్చింది. 2003లో రాజశేఖరరెడ్డి చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచిన పాదయాత్రలో చేతులు పట్టుకుని గోడు చెప్పుకునే కలయికే ప్రచారమైంది. ఈ రెంటి నడుమ మన జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్లు వరుసను తిరగేశారు. నాయకులు తమ దగ్గరికి వచ్చేదాకా ఆగకుండా సారా మీద తామే కదిలారు. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం అమల్లోకి వచ్చింది. నేడు కలయికను కెమెరా ముందే సిద్ధంచేస్తున్నారు. మొదటి ప్రశ్న, చెప్పింది ఎవరన్నది, ఇప్పుడు మరీ అవసరం.

చివరిగా ఒక విన్నపం. సుందరయ్య గారిని దగ్గరగా చూసిన పెద్దలు ఈ మండలంలో ఇంకా కొందరున్నారు. బడిపిల్లలు వాళ్ల దగ్గర కూర్చుని విన్నది రాసిపెట్టాలి. ఏ ఏడు, ఏ చోటు, పక్కన ఎవరున్నారు, ఆయన ఏమడిగారు, ఏం చేస్తానని చెప్పి చేయలేకపోయారు అన్నీ రాయాలి. మెచ్చుకునే మాటలతో పాటు కోపతాపాలు కూడా రాయాలి. కూలీ కుటుంబాల నుంచి మొదలుపెట్టండి. భూస్వాముల జ్ఞాపకాలు ఇప్పటికే అచ్చులో ఉన్నాయి.