ఎంటర్ కొట్టినా లైన్ మారలేదు: వికీలో కనబడని అక్షరాల గోల

ఈరోజు టాపిక్ మీ ఫోన్ కీబోర్డ్‌లో ఉండే రెండు బటన్లు. ఒకటి స్పేస్, ఇంకొకటి ఎంటర్. ఏముంది ఇందులో అనుకోకండి, చివరిదాకా వినండి.

మొన్న పండక్కి మా చెన్నూరు పోయిన. ఇంటర్ చదివే మా చిన్నాయన కొడుకు ఫోన్ పట్టుకొని వచ్చిండు. "అన్నా, వికీ నా పద్యాన్ని మింగేసింది" అన్నడు.

ఏమైందంటే, తెలుగు వికీపీడియాలో రాయడం నేర్చుకుందామని ప్రయోగశాల పేజీ తెరిచి, సుమతీ శతకంలోని ఒక పద్యం టైప్ చేశాడు. పాదానికి ఒక ఎంటర్. సేవ్ చేసి చూస్తే నాలుగు పాదాలూ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. సరే అని రెండో పాదం ముందు రెండు స్పేస్‌లు ఇచ్చాడు. ఆ పాదం ఒక్కటే బూడిద రంగు డబ్బాలోకి పోయింది. "నాకు రాదులే అన్నా" అని ఫోన్ పక్కన పెట్టేసిండు.

వాడికి రాక కాదు, రూల్ తెలియక. వికీలో ఒక్క ఎంటర్ అంటే ఒక స్పేస్ మాత్రమే. రెండు ఎంటర్లు కొడితేనే కొత్త పేరా. లైన్ మొదట్లో స్పేస్ ఇస్తే దాన్ని కోడ్ అనుకొని డబ్బాలో పెడుతుంది. నంబర్ల లిస్టు మధ్యలో ఖాళీ లైన్ వదిలితే లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది.

ఇలా ఎందుకు పెట్టారు? వెబ్ పేజీల భాష హెచ్‌టీఎంఎల్ పద్ధతే అది. మామూలు పేరాలో పది స్పేస్‌లు ఇచ్చినా బ్రౌజర్ ఒక్కటే చూపిస్తుంది. దీనివల్ల లాభం కూడా ఉంది. ఒక్కో వాక్యం ఒక్కో లైన్‌లో రాసుకుంటే, ఎవరు ఏ వాక్యం మార్చారో పేజీ చరిత్రలో తేలిగ్గా దొరుకుతుంది. చదివేవాళ్లకు మాత్రం పేరాగానే కనబడుతుంది. వార్డ్ కన్నింగ్‌హామ్ మొదటి వికీ పెట్టింది 1995లో. మన తెలుగు వికీపీడియా మొదలైంది 2003 డిసెంబర్ 10న. అప్పుడు రాసేవాళ్లు కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు. ఇప్పుడు మనం వాట్సాప్ అలవాటుతో వస్తున్నాం. అక్కడ ఎంటర్ కొడితే లైన్ మారుతుంది, అంతే.

వ్యాసానికి ఈ రూల్ సరిపోతుంది, పద్యానికి సరిపోదు. సుమతీ శతకం పద్యాలు కందాలు. కందంలో ఒకటి, మూడు పాదాలు పొట్టివి, మూడేసి గణాలు. రెండు, నాలుగు పొడుగువి, ఐదేసి గణాలు. ప్రతి పాదంలో రెండో అక్షరం దగ్గర ప్రాస కలవాలి. పాదాలు కలిసిపోతే ఆ ప్రాస కంటికి ఎలా కనబడుతుంది?

తాటాకుల మీద కూడా వరసగానే రాశారు కదా అంటారేమో. నిజమే. కానీ ఆ చదివేవాళ్లకు ఛందస్సు వచ్చు, ఎక్కడ ఆగాలో వాళ్లకే తెలుసు. మనకు ఆ ఎంటరే దిక్కు.

నా అభిప్రాయం చెప్తా. ఒకటి, లైన్ ముందు స్పేస్ ఇస్తే డబ్బా వచ్చే రూల్ తీసేయాలి. కోడ్ కోసం ట్యాగ్ ఎలాగూ ఉంది. కంటికి కనబడని అక్షరం పేజీ రూపాన్ని మార్చకూడదు. రెండు, ఒక్క ఎంటర్ రూల్ ఇప్పుడు మారిస్తే పాత పేజీలు చెదిరిపోతాయి, ఉండనివ్వండి. కానీ చెప్పకుండా మింగేయొద్దు. "ఇక్కడ లైన్ మారాలా?" అని సేవ్ చేసేముందు ఒక్క మాట అడగాలి.

అప్పటిదాకా మనం చేయాల్సింది ఇది. పద్యం, పాట అయితే ముందు పోయెమ్ ట్యాగ్ తెరిచి చివర మూసేయండి. మీ ఎంటర్లు, ముందు స్పేస్‌లు అన్నీ అలాగే ఉంటాయి. అడ్రస్ లాంటి వాటికి లైన్ చివర బీఆర్ ట్యాగ్ చాలు. సేవ్ చేసేముందు ప్రివ్యూ చూడండి.

మావాడు ట్యాగ్ పెట్టి మళ్లీ సేవ్ కొట్టిండు. నాలుగు పాదాలు నాలుగు లైన్లలో నిలబడ్డయి. "అన్నా, ప్రాస ఇప్పుడు కనబడుతుంది" అన్నడు. ఆ సాయంత్రమే చెన్నూరు పేజీ తెరిచి, మన దగ్గర గోదావరి ఉత్తరం దిక్కు పారుతదని అందులో ఉందా లేదా అని చూస్తున్నడు. ఒక్క ఎంటర్ దగ్గర వాడు ఆగిపోయుంటే, మన ఊరి గురించి రాసేటోళ్లలో ఒకడు తగ్గేవాడు.

మీరు కూడా మీ ఊరి పేజీ తెరిచి చూడండి. ఎక్కడ ఆగిపోయారో కామెంట్‌లో రాయండి. అక్కడ మాత్రం ఒక్క ఎంటర్ చాలు. ఉంటా మరి, బై.