ఫుట్‌బాల్ క్రీడాకారుడు బలరామ్

పలాస స్టేషనులో నిలుచున్న వారి ఎదుట రైలుపట్టాలు ఒక దిక్కున మద్రాసుకు, మరొక దిక్కున హౌరాకు సాగిపోతాయి. ఈ మార్గాన్ని మన పెద్దలు బి. ఎన్. ఆర్. లైను అనేవారు. బెంగాల్ నాగపూర్ రైల్వే అని దాని పూర్తి పేరు. ఆ పేరుతోనే కలకత్తాలో ఒక ఫుట్‌బాల్ జట్టు కూడా ఉండేది. తెలుగుగడ్డపై పుట్టి, భారతదేశపు మేటి ఆటగాళ్లలో ఒకడైన తులసీదాస్ బలరామ్ తన చివరి ఆటలను ఆ జట్టు పక్షాననే ఆడినాడు.

బలరామ్ 1936లో సికిందరాబాదు సమీపమున గల అమ్ముగూడలో జన్మించినాడు. పేద కుటుంబము. కాళ్లకు బూట్లు కొనే స్తోమతు లేక, పాత పోలీసు బూట్ల తోలుతో ఒక చర్మకారుని చేత జోడు కుట్టించుకొని ఆడినాడు. అట్టి బాలుని ప్రతిభను కనిపెట్టినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. హైదరాబాదు పోలీసు జట్టును, దేశపు జట్టును తీర్చిదిద్దిన శిక్షకుడు. ఆటగాడు ఒక కాలినే నమ్ముకొనరాదనీ, రెండు కాళ్లూ సమానముగా పనిచేయవలెననీ ఆయన పట్టుదల.

ఆ శిక్షణ ఫలించినది. 1956లో హైదరాబాదు జట్టు సంతోష్ ట్రోఫీని గెలుచుకొన్నప్పుడు బలరామ్ అందులో ఉన్నాడు. ఆ సంవత్సరమే మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలకు వెళ్లిన భారత జట్టులోనూ చోటు సంపాదించినాడు. ఆ జట్టు నాలుగవ స్థానము పొందినది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశము అంతకు మించిన స్థానము నేటికీ అందుకొనలేదు.

1957లో ఆయన కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్ సంఘములో చేరినాడు. భాష కొత్త, ఊరు కొత్త. ఇంట గెలిచి రచ్చ గెలువమన్నారు పెద్దలు. బలరామ్ ఆ రెండూ చేసినాడు. 1961లో ఆయన నాయకత్వాన ఈస్ట్ బెంగాల్ జట్టు కలకత్తా లీగును గెలిచినది. ముందు వరుసలో ఎడమవైపునా, నడుమనా కూడా ఆయన ఆడగలిగేవాడు. గోలు వేయుటతో పాటు, తోటివానికి గోలు వేసే అవకాశము కల్పించుట ఆయన విశిష్టత. చునీ గోస్వామి, ప్రదీప్ కుమార్ బెనర్జీ, బలరామ్ — ఈ ముగ్గురి పేర్లను క్రీడాభిమానులు కలిపే చెప్పుకొనేవారు.

1960లో రోము ఒలింపిక్ క్రీడలలో భారతము హంగరీని ఎదుర్కొన్నది. హంగరీ నాటి ప్రపంచములో మహాబలము గల జట్టు. మనము 2–1 తేడాతో ఓడినాము. ఆ ఒక్క గోలు బలరామ్‌దే. పెరూపై ఆడిన ఆటలో కూడా మనకు దక్కిన ఏకైక గోలు ఆయన వేసినదే.

1962లో జకార్తాలో ఆసియా క్రీడలు జరిగినవి. ఇజ్రాయెలు, తైవాను జట్లను ఆహ్వానించలేదన్న వివాదములో భారత ప్రతినిధి పలికిన మాటలకు అక్కడి జనము మనపై ఆగ్రహించినది. దాదాపు లక్షమంది కేకల నడుమ మన జట్టు సెప్టెంబరు 4న దక్షిణ కొరియాను 2–1తో ఓడించి స్వర్ణపతకము గెలుచుకొన్నది. అంతకు ముందు జపానుపై గెలిచిన ఆటలో బలరామ్ ఒక గోలు వేసియున్నాడు. ఆ ఏడే ఆయనకు అర్జున పురస్కారము లభించినది.

మరుసటి సంవత్సరమే కథ మారినది. 1963 జూన్‌లో గురువు రహీం క్యాన్సరు వ్యాధితో కన్నుమూసినాడు. అదే ఏడు శిష్యునికి ఊపిరితిత్తులను కప్పి ఉండే పొర వాచే ప్లూరిసీ వ్యాధి సోకినది. ఊపిరి తీసినప్పుడెల్ల గుండెలో పొడిచినట్లుండే ఈ జబ్బుతో పరుగుల ఆట సాగునా? ఇరువదియేడేళ్ల ప్రాయాన ఆయన ఆట ముగిసినది.

తరువాత ఆయన దాదాపు అరువదేళ్లు జీవించినాడు. హుగ్లీ తీరమున ఉత్తరపారాలో ఒంటరిగా నివసించినాడు, యువకులకు ఆట నేర్పినాడు. తన సహచరులిద్దరికీ పద్మశ్రీ వచ్చినది, ఆయనకు రాలేదు. ఆ బాధను ఆయన దాచుకొనలేదు. 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో మరణించినాడు.

మన ఉద్దానములో శరీరపు విలువను ఎవరూ వేరుగా చెప్పనక్కరలేదు. మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇండ్లలో దృఢకాయులను మంచము పట్టించినదో మనము కన్నులారా చూచినాము. బలము శాశ్వతము కాదని బలరామ్ కథ కూడా చెప్పుచున్నది. అందుచేత పిల్లలను ఆట మాన్పించవలెనా? ఈ జిల్లాలోనే పుట్టిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో పతకము తెచ్చినది. నాడు తల్లిదండ్రులు ఆటను మాన్పించి ఉంటే?

మాన్పించవద్దు. కాని రెండు పనులు మనము చేయవలెను. కొబ్బరితోటల నడుమ ఇసుకలో బంతి తన్నే కుర్రవానిని కనిపెట్టగల రహీం వంటి ఉపాధ్యాయుడు ప్రతి పాఠశాలలో ఉండునట్లు కోరవలెను. ఆట ఆగిన నాడు ఆ కుర్రవాడు నిలబడుటకు చదువో, చేతిపనో ముందుగానే నేర్పవలెను. చప్పట్లు కొట్టినవారు ఇండ్లకు వెళ్లిన తరువాత కూడా ఆటగాడు బ్రతుకవలెను గదా!