క్లినిక్ నుంచి బడికి వెళ్లాలనుకునే నర్సమ్మలకు

ఈ రోజు నా మాటలు ముఖ్యంగా నర్సింగ్ అక్కచెల్లెళ్ల కోసం. క్లినిక్‌లోనో చిన్న నర్సింగ్‌హోమ్‌లోనో కొన్నేళ్లు పనిచేసి, ఇప్పుడు గురుకులంలోనో నవోదయలోనో ప్రైవేటు రెసిడెన్షియల్ స్కూల్లోనో చేరదామా అని ఆలోచిస్తున్నవాళ్లు మీలో ఉంటారు. నేనూ క్లినిక్ నుంచి బాలికల హాస్టల్ బడికి వెళ్లినదాన్నే. అందుకే ఈ నాలుగు మాటలు.

బడి ఉద్యోగం అనగానే ఇంట్లోవాళ్లు, తోటి సిస్టర్లు ఒకటే మాట అంటారు. హాయిగా ఉంటుంది, దెబ్బ తగిలితే కట్టు కట్టడం, జ్వరం వస్తే మాత్ర ఇవ్వడం, దసరాకి, సంక్రాంతికి సెలవులు అని. సెలవుల మాట కొంతవరకు నిజమే. మిగతాది నమ్మి మాత్రం వెళ్లకండి. క్లినిక్‌లో పేషెంటు తన బాధ తాను చెప్పుకుంటూ వస్తాడు. మీరు బీపీ చూసి, టెంపరేచర్ చూసి, చీటీ రాసి లోపలికి పంపిస్తారు. లోపల డాక్టర్ ఉంటారు. ఏ మందు, ఎంత మోతాదు, ఇంటికి పంపాలా, అడ్మిట్ చేయాలా అన్నది ఆయన చూసుకుంటారు. బడిలో ఆ లోపలి గది ఉండదు. రాత్రి పదకొండింటికి ఎనిమిదో తరగతి పిల్ల కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతుంటే, ఆసుపత్రికి తీసుకెళ్లాలా, తెల్లవారేదాకా చూడాలా అని నిర్ణయించాల్సింది మీరే. వార్డెన్ మీ ముఖం చూస్తుంది, ప్రిన్సిపాల్ ఫోన్లో మిమ్మల్నే అడుగుతారు. ఈ ఒంటరి నిర్ణయానికి సిద్ధపడితేనే బడికి వెళ్లండి. ఇంజక్షన్ చేయి ఎంత బాగున్నా ఇది లేకపోతే అక్కడ నెగ్గుకురాలేం.

ముందు అర్హతల సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. మన రెండు రాష్ట్రాల గురుకులాల్లో ఈ పోస్టును కొన్నిచోట్ల స్టాఫ్ నర్సు అంటారు, కొన్నిచోట్ల హెల్త్ సూపర్‌వైజర్ అంటారు. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో ఏఎన్ఎం పోస్టు ఉంటుంది. ఇవి చాలావరకు కాంట్రాక్టువో ఔట్‌సోర్సింగ్‌వో. జవహర్ నవోదయ విద్యాలయాల్లో, గిరిజన పిల్లల ఏకలవ్య మోడల్ స్కూళ్లలో మాత్రం కేంద్రం స్కేలుతో రెగ్యులర్ పోస్టులు పడతాయి. ఆ రెండింటికీ ఈ మధ్య వచ్చిన నోటిఫికేషన్లలో ఒక షరతు ఉంది. కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండున్నరేళ్ల అనుభవం చూపించాలి. మీరు పదేళ్లు ఓపీ క్లినిక్‌లో చేసినా ఆ లెక్కలోకి రాదు. కాబట్టి రెగ్యులర్ పోస్టు మీద మనసుంటే, మధ్యలో ఏదైనా ఏరియా ఆసుపత్రిలోనో మెడికల్ కాలేజీ ఆసుపత్రిలోనో ఆ రెండున్నరేళ్లు పూర్తి చేసుకోండి. వయసు పరిమితి దాటకముందే ఆ పని చూసుకోండి. అక్కడ ఎమర్జెన్సీ వార్డు, పిల్లల వార్డు దొరికితే మరీ మంచిది. బడిలో మీకు పనికొచ్చేది ఆ చదువే.

ఇక అసలు పని. పొద్దున అసెంబ్లీ అయ్యేసరికి సిక్ రూమ్ ముందు వరస కడుతుంది. కడుపు నొప్పి, తలనొప్పి, కాళ్లు లాగుతున్నాయి, కళ్లు తిరుగుతున్నాయి. ఇందులో సగానికి పైగా టిఫిన్ తినని ఆకలి, నిద్ర చాలకపోవడం, నెలసరి, అమ్మ మీద బెంగ, మొదటి పీరియడ్‌లో ఉన్న లెక్కల పరీక్ష. ఇవి తెలిసినకొద్దీ పెద్దవాళ్లకు ఒక ధోరణి అలవాటవుతుంది, దొంగ జబ్బు, పో క్లాసుకి అని. దయచేసి ఆ మాట మీ నోట రానివ్వకండి. బెంగతో వచ్చిన కడుపు నొప్పి కూడా నొప్పే. పైగా అదే వరసలో ఒక అపెండిసైటిస్ నిలబడి ఉండొచ్చు. బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి కొన్ని గంటల్లో కుడివైపు కిందికి దిగితే, అన్నం వద్దంటే, వాంతి అయితే, నడిచేటప్పుడు వంగి నడుస్తుంటే, అది వేడి చేయడం కాదు. మజ్జిగ ఇచ్చి, విరేచనాల మాత్ర వేసి పడుకోబెట్టే కేసు కానే కాదు. బండి పిలిపించండి.

జ్వరాల సంగతీ అంతే. క్లినిక్‌లో మోతాదు డాక్టర్ రాస్తారు. ఇక్కడ ఐదో తరగతి పిల్ల 25 కిలోలుంటుంది, పదో తరగతి పిల్ల 45 ఉంటుంది. ఇద్దరికీ ఒకే పారాసెటమాల్ మాత్ర చేతిలో పెట్టే అలవాటు చాలా హాస్టళ్లలో ఉంది. కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన ఆ చిన్నపిల్లకు 250 నుంచి 375 మిల్లీగ్రాములే పడుతుంది. అందుకే చేరిన మొదటి వారంలోనే ప్రతి పిల్ల బరువు, ఎత్తు రాసుకోండి. వానాకాలం జ్వరాల్లో ఇంకో జాగ్రత్త ఉంది. డెంగీలో ప్రమాదం ఎక్కువగా జ్వరం తగ్గుతున్నప్పుడే మొదలవుతుంది. జ్వరం లేదు కదా అని పిల్లను క్లాసుకి పంపించే రోజే అది. తగ్గాక ఒకటి రెండు రోజులు సిక్ రూమ్‌లోనే ఉంచి చూడండి. కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మూత్రం తగ్గడం, చేతులు కాళ్లు చల్లబడటం కనిపిస్తే క్షణం ఆగొద్దు. అలాంటి జ్వరానికి ఐబూప్రోఫెన్, ఆస్పిరిన్ జోలికి పోవద్దు.

ఇంతవరకు మీ దగ్గరికి వచ్చే పిల్లల గురించి చెప్పాను. నాకు ఇంతకంటే ముఖ్యం అనిపించేది రాని పిల్లల సంగతి. బోర్డు కనిపించక పక్కపిల్ల నోట్సు చూసి రాసుకునే అమ్మాయి సిక్ రూమ్‌కి రాదు. పాలిపోయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే పిల్ల తనకి రక్తం తక్కువని చెప్పదు, ఎందుకంటే వాళ్ల అమ్మా అలాగే ఉంటుంది. చెవి కారే పిల్ల సిగ్గుపడి దూది పెట్టుకుంటుంది. వీళ్లని మీరే వెతకాలి. అందుకు సిక్ రూమ్‌లో కూర్చుంటే సరిపోదు. భోజనాల దగ్గర నిలబడండి, పళ్లెంలో అన్నం వదిలేసేదెవరో చూడండి. ఆటల పీరియడ్‌లో మైదానానికి వెళ్లండి. హాజరు పట్టీ చూడండి, ప్రతి నెలా అవే మూడు రోజులు క్లాసు మానే పిల్ల ఎవరో తెలుస్తుంది.

ఈ వెతుకులాటకు ప్రభుత్వ కార్యక్రమాలు మీకు ఆసరా. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందం ఏడాదికోసారి బడికి రావాలి. పుట్టుకతో వచ్చిన లోపాలు, పోషకాల లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం, అన్నీ చూసి పెద్దాసుపత్రికి రాస్తారు. వాళ్లు వచ్చే రోజుకు మీ అనుమానాల జాబితా చేతిలో సిద్ధంగా ఉంటే వందల మందిలో ఆ పిల్లలు తప్పిపోరు. వాళ్లు రాసిన చీటీ ట్రంకు పెట్టెలో పడి ఉండకుండా చూడటమూ మీ పనే. ఫిబ్రవరి 10న నులిపురుగుల మాత్ర ఇస్తాం కదా, ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు, దాన్ని మీ ఎదుటే నమిలించండి. వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర ఖాళీ కడుపున ఇస్తే వికారం పుడుతుంది. ఒక్క పిల్ల వాంతి చేసుకుంటే ఆ వారం డార్మిటరీ అంతా మాత్రలు కిటికీలోంచి విసిరేస్తుంది. భోజనం అయ్యాక ఇవ్వండి, మలం నల్లగా వస్తే భయపడక్కర్లేదని ముందే చెప్పండి. ఏజెన్సీ బడిలో చేరితే సికిల్ సెల్ కార్డులు అడిగి దాచండి. ఆ జబ్బున్న పిల్లకి ఒళ్లునొప్పులు అంటే మామూలు నొప్పులు కావు.

జబ్బు కనిపెట్టడంతోనే పని అయిపోదు. అందుకు ఒక పాత సంగతి చెప్పాలి. 1902లో న్యూయార్క్ బడుల్లో డాక్టర్లు పిల్లల్ని చూసి, గజ్జి, తామర, పేలు, కంటిజబ్బు ఉన్నవాళ్లని ఇంటికి పంపేసేవారు. ఇంటి దగ్గర వైద్యం చేయించేవాళ్లు లేరు. పిల్లలు బడి మాని వీధుల్లో ఆడుకునేవారు, జబ్బు అలాగే ఉండేది. లిలియన్ వాల్డ్ అనే నర్సు, తన దగ్గర పనిచేసే లీనా రోజర్స్‌ని ఒక నెల ప్రయోగంగా నాలుగు బడులకు పంపించింది. లీనా చేసిందల్లా బడిలోనే పుండ్లు కడిగి మందు రాయడం, ఇళ్లకు వెళ్లి తల్లులకు చెప్పడం. పిల్లలు మళ్లీ తరగతుల్లోకి వచ్చారు. ఆ నగరం వెంటనే మరికొంతమంది నర్సుల్ని బడులకు నియమించింది. నూట ఇరవై ఏళ్లు దాటినా మన హాస్టళ్లలో గజ్జి వస్తే ఇంటికి పంపడమే మొదటి ఆలోచన. పంపొద్దని గట్టిగా చెప్పండి. డాక్టర్ సలహాతో పర్మెత్రిన్ క్రీము తెప్పించి, గది మొత్తానికి, దురద లేనివాళ్లకి కూడా, ఒకే రాత్రి మెడ నుంచి పాదాల దాకా రాయించండి. మర్నాడు పొద్దున దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో ఉతికించి ఎండలో వేయించండి. వారం తర్వాత మళ్లీ ఒకసారి రాయించండి. ఒక్కొక్కరికి ఒక్కో రోజు రాస్తే అది గది చుట్టూ తిరుగుతూనే ఉంటుంది.

ఒంటరి నిర్ణయం అన్నాను కదా, దానికి కాగితం తోడు ఉండాలి. చేరగానే దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్‌ని కలిసి, ఏ లక్షణానికి ఏ మందు ఎంతవరకు ఇవ్వొచ్చు, ఎప్పుడు పంపించేయాలి అన్నది రాయించి, సంతకం చేయించుకోండి. మనం నర్సులం, మందులు రాసే అధికారం మనకు లేదు. ఆ కాగితం లేకుండా యాంటీబయాటిక్ ఇచ్చి రేపు ఏదైనా అయితే మీ తరఫున మాట్లాడేవాళ్లు ఉండరు. ఉబ్బసం, మూర్ఛ, షుగర్, గుండెజబ్బు ఉన్న పిల్లలకు విడిగా ఒక రిజిస్టరు పెట్టండి. ఇన్సులిన్ తీసుకునే పిల్ల చెమటలు పట్టి, తికమకగా మాట్లాడితే, షుగర్ 70 కంటే తగ్గితే, మింగగలిగే స్థితిలో ఉంటే మూడు చెంచాల గ్లూకోజ్ ఇచ్చి, పావుగంటకు మళ్లీ పరీక్ష చేయాలి. ఈ సంగతి మీతోపాటు ఆ పిల్ల క్లాస్ టీచర్‌కీ, వ్యాయామం మాస్టారికీ తెలియాలి, ఎందుకంటే ఆ సమయానికి మీరు ఇంకో పిల్లని తీసుకుని ఆసుపత్రిలో ఉండొచ్చు. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టేవాళ్లు, నోట్లో చెంచా దూర్చేవాళ్లు ఉపాధ్యాయుల్లోనూ ఉన్నారు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, గడియారం చూడాలి, ఐదు నిమిషాలు దాటితే 108. ఏడాదికి రెండుసార్లు స్టాఫ్ మీటింగులో అరగంట అడిగి ఇవి చేసి చూపించండి.

చెప్పడం కష్టమైనా తప్పని సంగతి ఒకటి ఉంది. కట్టు కట్టించుకునే నెపంతో వచ్చి, తలుపు దగ్గర తచ్చాడే పిల్ల ఉంటుంది. ఆ పిల్ల లైంగిక వేధింపు గురించి నోరు విప్పితే, ఎవరికీ చెప్పనని మాటివ్వకండి. అలా మాటిస్తే చట్టం ఒప్పదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం విషయం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే శిక్ష ఉంది. చేసినవాడు బడిలోని పెద్దమనిషైనా, బడి పరువు పోతుందని ఎవరు బతిమాలినా ఇందులో మార్పు లేదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. ఆ పిల్లని పదేపదే ప్రశ్నలు అడగకండి, తను చెప్పిన మాటలు తన మాటల్లోనే రాసి ఉంచండి.

కష్టాలు కూడా చెప్పాలి. రోజూ ఐవీ పెట్టిన చేతికి ఆ పని తగ్గుతుంది. నర్సింగ్ భాషలో మాట్లాడేందుకు తోడు ఉండదు. రాత్రి ఫోన్లు ఉంటాయి. పరీక్షల ఇన్విజిలేషన్, స్టోర్ రూమ్ లెక్కలు మీ మీద పెట్టే ప్రిన్సిపాళ్లు ఉంటారు. అందుకే ఇంటర్వ్యూలో వాళ్లు అడిగిందానికి జవాబు చెప్పి ఊరుకోకండి, మీరూ అడగండి. రాత్రి బండి ఎవరిది, డ్రైవర్ ఎక్కడ పడుకుంటాడు? నేను సెలవులో ఉంటే సిక్ రూమ్ ఎవరు చూస్తారు? మందులకు డబ్బు ఏ పద్దు నుంచి వస్తుంది? ఎంతమంది పిల్లలకు నేనొక్కదాన్నే? వీటికి నీళ్లు నమిలే బడిలో, జీతం బాగున్నా, చేరొద్దనే నా సలహా.

ప్రిన్సిపాళ్లు, హెచ్ఎంలు వింటుంటే వాళ్లకూ ఒక మనవి. నర్సమ్మ పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్లాలి అన్నప్పుడు, రేపు చూద్దాం అనకండి.

వెళ్లాలని నిర్ణయించుకున్న చెల్లెళ్లకు చివరి మాట. నోటిఫికేషన్ పడ్డాక పరుగులు పెడితే తేదీ దాటిపోతుంది. మీ రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయిందో లేదో ఈ వారమే చూసుకోండి. పనిచేసిన ప్రతి ఆసుపత్రి నుంచి పడకల సంఖ్య, చేరిన తేదీ, మానేసిన తేదీ స్పష్టంగా ఉన్న అనుభవ పత్రం ఇప్పుడే అడిగి తీసుకోండి.