రాలేని వారి లెక్క

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై అల్లాహ్ శాంతి శుభాలు కురిపించుగాక.



హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. ఒక ఉదయం ముజర్ తెగవారు కొందరు మదీనాకు వచ్చారు. కాళ్లకు చెప్పులు లేవు. చారల కంబళిని మధ్యలో చీల్చి మెడలో వేసుకున్నారు; ఒంటిపై అంతకు మించి వస్త్రం లేదు. వారి దుస్థితిని చూడగానే దైవప్రవక్త (సఅసం) ముఖం రంగు మారిపోయింది. ఆయన ఇంటిలోకి వెళ్లారు, తిరిగి బయటకు వచ్చారు, హజ్రత్ బిలాల్ (రజి)ను అజాన్ ఇవ్వమన్నారు. నమాజు అనంతరం ప్రసంగించారు. దీనారు గలవారు దీనారు, దిర్హము గలవారు దిర్హము, వస్త్రం గలవారు వస్త్రం, ధాన్యం గలవారు ధాన్యం, ఏమీ లేనివారు ఖర్జూరపు ముక్కయినా ఇవ్వాలని బోధించారు. ఒక అన్సారీ సహచరుడు మోయలేనంత బరువైన సంచితో ముందుగా వచ్చారు. ఆ తరువాత జనం బారులు తీరారు. చివరికి అక్కడ రెండు కుప్పలు ఏర్పడ్డాయి: ఒకటి ఆహారానిది, ఒకటి వస్త్రాలది. అప్పుడు దైవప్రవక్త (సఅసం) ముఖం బంగారు పూత పూసినట్లు వెలిగిపోయిందని జరీర్ (రజి) చెబుతున్నారు.

ఈ హదీసును మనం దానం యొక్క పుణ్యం చెప్పేటప్పుడు తరచుగా వింటాము. ఈ రోజు నేను దానిని మరో దృష్టితో మీ ముందు ఉంచదలిచాను. ఆ రోజు వచ్చినవారు కళ్లెదుట నిలబడ్డారు. వారెందరో, వారికి ఏమి కావాలో అందరికీ కనిపించింది. సమర్పించిన వస్తువులన్నీ ఒకే చోట పోగయ్యాయి. కళ్లెదుటికి రాలేనివారి సంగతి ఏమిటి? వారికి ఆ కుప్పలో భాగం ఎలా చేరుతుంది?

ఈశాన్య రుతుపవనాల కాలం వచ్చింది. మన ఊరి పెద్దలకు 1984 నవంబరు గుర్తుండే ఉంటుంది. శ్రీహరికోట వద్ద తీరం దాటిన ఆ పెను తుఫాను నాటికి నేను చిన్నవాడిని. యువకులకు 2023 డిసెంబరు గుర్తుంటుంది. మిచాంగ్ తుఫాను డిసెంబరు 5న ఎక్కడో బాపట్ల దగ్గర తీరం దాటింది. మనకు 200 కిలోమీటర్లకు పైగా దూరం. అయినా దానికి ముందు రెండు రోజులు కురిసిన వాన నెల్లూరు, తిరుపతి జిల్లాలను, చెన్నై నగరాన్ని ముంచెత్తింది. తుఫాను మన తీరానికి రానక్కరలేదు. కాళంగి నది పొంగితే చాలు, పులికాట్ సరస్సు తన హద్దు మరచిపోతే చాలు, పల్లపు ప్రాంతాల వారు పిల్లలను చంకనెత్తుకుని ఇల్లు విడవవలసిందే.

2015 నవంబరు వానల నాటి మా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకుంటాను. జిల్లా అంతా వరదలో ఉంది. మేము పది మందిమి రాత్రంతా మేల్కొని రెండు డేగుల బిర్యానీ వండించి, పొట్లాలు కట్టించి, వ్యానులో రహదారి వెంట బయలుదేరాము. మొదట కనిపించిన శిబిరం దగ్గర ఆగి, గంటలో అన్నీ పంచివేశాము. మనసు తేలికపడింది. అల్‌హందులిల్లాహ్ అనుకుంటూ తిరిగి వచ్చాము. మరునాడు తెలిసింది. ఆ శిబిరానికి ఆ పూట మాకంటే ముందే రెండు బృందాలు భోజనం ఇచ్చి వెళ్లాయి. మా పొట్లాలలో చాలా భాగం సాయంత్రానికి చెడిపోయి కాలువలో కలిసింది. అక్కడికి రెండు కిలోమీటర్ల లోపల, వ్యాను పోలేని కట్ట మీద, కొన్ని కుటుంబాలు ముందు రోజు నుండి వేడి అన్నం ఎరుగవు. వారిలో ఒక బాలింత ఉంది. తడిసిన చీరతోనే రెండు రాత్రులు గడిపిందట. ఆమెకు కావలసింది బిర్యానీ కూడా కాదు. ఒక పొడి దుప్పటి, పైన కప్పుకునే ఒక పట్ట, వేడి నీళ్లు కాచుకోవడానికి ఒక గిన్నె.

మా సంకల్పంలో లోపం లేదని నేను నేటికీ నమ్ముతాను. కాని సంకల్పం మంచిదైనంత మాత్రాన లెక్క తప్పినందుకు జవాబు చెప్పనవసరం లేదని ఏ గ్రంథంలో చదువుకున్నాము?

సోదరులారా! హిజ్రీ 18వ సంవత్సరాన్ని చరిత్రకారులు 'ఆముర్రమాదా', అంటే బూడిద సంవత్సరం అన్నారు. వానలు లేక అరేబియా నేల ఎండి, గాలికి బూడిదలా లేచింది. పల్లెల నుండి, ఎడారి నుండి జనం గుంపులుగా మదీనాకు వచ్చి నగరం చుట్టూ దిగారు. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) వారి కోసం పెద్ద పెద్ద పాత్రలలో వంట చేయించారు. ప్రజలకు కలిగేవరకు తాను నెయ్యి ముట్టనని ప్రతిన పూనారు. ఇవన్నీ మనం విన్నవే. ఇబ్నె సఅద్ తన గ్రంథంలో మరొక విషయం నమోదు చేశారు. ఒక రాత్రి ఆయన, మన దగ్గర భోజనం చేస్తున్నవారిని లెక్కించండి అన్నారు. లెక్కిస్తే ఏడు వేల మంది. అంతటితో ఆగలేదు. ఇక్కడికి రాని కుటుంబాలను, రోగులను, పిల్లలను కూడా లెక్కించండి అని ఆదేశించారు. లెక్కిస్తే నలభై వేల మంది!

ఆలోచించండి. విస్తరి ముందు కూర్చున్నవారి కంటే రాలేనివారు దాదాపు ఆరింతలు. ఉమర్ (రజి) ఆ రెండవ లెక్క అడగకపోతే, ఏడు వేల మందికి కడుపునిండా పెట్టి, పని పూర్తయిందని అందరూ సంతోషించి ఉండేవారు. సిరియా నుండి హజ్రత్ అబూ ఉబైదా (రజి) నాలుగు వేల ఒంటెలపై ఆహారం తెచ్చినప్పుడు, ఆ పంపిణీ బాధ్యతను ఆయనకే అప్పగించారని తబరీ పేర్కొన్నారు. మళ్లీ వానలు పడ్డాక ఆ నిర్వాసితులను దారి ఖర్చులు, వాహనాలు ఇచ్చి స్వస్థలాలకు సాగనంపడానికి కూడా మనుషులను నియమించారు. మనం మాత్రం నీరు తీసిన రోజే మా బాధ్యత తీరిందని అనుకుంటాము. బురద నిండిన ఇంటికి తిరిగి వెళ్లేవాడికి అన్నం పొట్లం కంటే చీపురు, బకెట్టు, బ్లీచింగ్ పొడి, చాప, పొయ్యి అవసరం.

మన ఊళ్లో రాలేనివారు ఎవరు? రహదారికి, రైలు స్టేషనుకు దగ్గరగా ఉన్నవారికి సాయం ఎలాగూ అందుతుంది. పులికాట్‌లో ఇరకం వంటి దీవికి పడవ లేకుండా వెళ్లలేము. కాలువ గట్ల మీద, చెరువు కట్టల కింద గుడిసెలు వేసుకున్న యానాది కుటుంబాలు ఉన్నాయి. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు వారి పెద్దలలో చాలామంది ఆ దీవిని విడిచిరావలసి వచ్చింది. ఇల్లు వదలడం వారికి కొత్త కాదు. అలాంటివారు శిబిరంలో కూడా చివరన కూర్చుంటారు. మన బస్తీలలోనూ రాలేనివారున్నారు: పరదా పాటించే ఒంటరి వితంతువు, మంచం పట్టిన వృద్ధుడు, నిన్నటి దాకా నలుగురికి పెట్టి నేడు చేయి చాచడానికి సిగ్గుపడే చిన్న వ్యాపారి. బఖరా సూరా 273వ ఆయతులో అల్లాహ్ ఇలాంటి అభిమానవంతులనే ప్రస్తావించాడు. తెలియనివాడు వారిని సంపన్నులనుకుంటాడు.

ఇక్కడ ఒక ప్రశ్న తప్పక వస్తుంది. ముస్లిమేతరులకు మన సొమ్ము ఇవ్వవచ్చా? అదే సూరా 272వ ఆయతుకు ముందు కొందరు సహచరులు కూడా తమ ముస్లిమేతర బంధువులకు దానం ఇవ్వడానికి వెనుకాడారు. ఆ సంకోచాన్ని అల్లాహ్ తొలగించాడు. సదఖా ఎవరికైనా ఇవ్వవచ్చు. జకాత్ విషయంలో మాత్రం మన హనఫీ ఫిఖ్‌హ్ నియమాలు వేరు. అది అర్హులైన ముస్లింలకు, వారి స్వంతమయ్యేలా ఇవ్వాలి. కాబట్టి జకాత్ డబ్బుతో కొన్న టార్పాలిన్‌ను అర్హుడైన బాధితుడి చేతిలో పెడితే జకాత్ చెల్లుతుంది. అదే డబ్బుతో వ్యాను అద్దె, పడవ కిరాయి, జనరేటరు డీజిలు చెల్లిస్తే చెల్లదు. వాటికి లిల్లాహ్ నిధి వేరుగా ఉండాలి. లెక్కల పుస్తకంలో రెండు వరుసలు వేరువేరుగా రాయండి. ఊళ్లో ఆస్తి ఉండి కూడా వరద వల్ల దానిని అందుకోలేని వ్యక్తి సంగతి? తౌబా సూరా 60వ ఆయతులోని ఎనిమిది వర్గాలలో బాటసారి ఒకడు. తన సొమ్ముకు దూరమైనవాడు అవసరం మేరకు తీసుకోవచ్చని ఫుఖహాలు చెప్పారు. ఆ చిన్న వ్యాపారికి ఈ మాట చెప్పండి. అతని సిగ్గు కొంత తగ్గుతుంది.

ఇక ఆశ్రయం గురించి. ఆపద వచ్చినప్పుడు మస్జిద్ తలుపులు తెరవడం మన ధర్మం, అందులో సందేహం లేదు. కాని 500 మంది నమాజు చేసే మస్జిద్‌లో 500 మంది నిర్వాసితులను ఉంచగలమని భ్రమపడకండి. సహాయ సంస్థలు ప్రపంచమంతటా పాటించే 'స్ఫియర్' ప్రమాణాల ప్రకారం ఒక్కొక్కరికి కనీసం మూడున్నర చదరపు మీటర్ల నీడ, రోజుకు 15 లీటర్ల నీరు, 20 మందికి ఒక మరుగుదొడ్డి కావాలి. సఫ్‌లో నిలిచిన మనిషికి అందులో అయిదో వంతు చోటు సరిపోతుంది. అంటే ఆ మస్జిద్ నిజానికి 100 మందికే ఆశ్రయం. పైగా మన వజూఖానాలు, మరుగుదొడ్లు పురుషుల కోసం కట్టినవి. నెలసరి రోజులలో స్త్రీలు మస్జిద్‌లో ఉండలేరు. గత్యంతరం లేకపోతే సరే. బడి, షాదీఖానా అందుబాటులో ఉంటే కుటుంబాలను అక్కడ ఉంచి, మస్జిద్‌ను వస్తువుల గిడ్డంగిగా, వంటశాలగా వాడుకోవడం మేలని నా అభిప్రాయం. దీని గురించి తహసీల్దారు కార్యాలయంతో వాన పడకముందే మాట్లాడాలి. నీళ్లు మోకాళ్లకు వచ్చాక బడి తాళం ఎవరి దగ్గరుందని వెతికితే లాభం లేదు.

వస్తువుల విషయం చెప్పడానికి నాకే నామోషీగా ఉంది. ప్రతిసారీ మూటల కొద్దీ పాత బట్టలు వస్తాయి. చిరిగినవి, గుండీలు లేనివి, ఒంటి కాలి చెప్పులు, ఒకసారి జరీ పెళ్లి షేర్వానీ కూడా వచ్చింది. వాటిని వేరుచేయడానికి నలుగురు కుర్రవాళ్లకు ఒక రోజు పడుతుంది. ఆ రోజు వారు దుప్పట్లు మోయవలసినవారు. బఖరా సూరా 267వ ఆయతును ఇంటికి వెళ్లి చదవండి. మనకు ఇస్తే కళ్లు మూసుకుని తప్ప తీసుకోని నాసిరకం వస్తువును దైవమార్గంలో ఇవ్వడానికి ఎంచుకోవద్దని అందులో హెచ్చరిక ఉంది. ఒక ఇంటికి ఏమి కావాలి? మంచి టార్పాలిన్ పట్టలు రెండు, కట్టడానికి తాడు, మనిషికొక దుప్పటి, చాపలు, దోమతెర, మూత ఉన్న గిన్నెలు రెండు, గరిటె, పళ్లాలు, మూత ఉన్న బిందె, బకెట్టు, సబ్బులు, టార్చిలైటు, స్త్రీలకు అవసరమైన శుభ్రమైన బట్టలు. ఈ చివరి మాటను మగవారు పట్టికలో రాయరు. ఈ పుస్తకాన్ని ఇంట్లో చదివే సోదరీమణులారా, ఆ బాధ్యత మీదే! స్త్రీల సామగ్రిని మీరే సిద్ధం చేసి, మీరే స్త్రీల చేతికి అందించండి.

అష్అరీ తెగవారిని దైవప్రవక్త (సఅసం) ఎంతగానో ప్రశంసించారు. ప్రయాణంలో గాని, ఇంటి దగ్గర గాని ఆహారం కొరవడితే, వారు తమ వద్ద ఉన్నదంతా ఒకే వస్త్రంలో పోసి, ఒకే పాత్రతో కొలిచి సమానంగా పంచుకునేవారు. అందుకే వారు నావారు, నేను వారివాడను అని ఆయన భావం. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఈ హదీసు ఉంది. ఒకే వస్త్రం, ఒకే పాత్ర! మన దగ్గర ప్రతి మహల్లాకు ఒక వస్త్రం, ప్రతి సంఘానికి ఒక పాత్ర, ప్రతి పాత్ర మీద ఒక బ్యానరు. ఏ మస్లక్ వారైనా, ఏ కమిటీ వారైనా, ఈ విషయంలో ఒకే పట్టికను అనుసరించాలి. గుడి తరఫున, చర్చి తరఫున వచ్చేవారికి కూడా ఆ పట్టిక చూపించండి. వారు ఈ వీధికి ఇచ్చారంటే మనం పై వీధికి వెళ్దాము. ఇవ్వడంలో పోటీ పడమన్నాడు అల్లాహ్. ఒకే శిబిరం ముందు పోటీ పడమని అనలేదు.

దుప్పటి అందుకునేవారి ఫొటో తీయకండి. దహ్ర్ సూరాలో సజ్జనులు అన్నం పెట్టి, ప్రతిఫలాన్ని గాని కృతజ్ఞతను గాని కోరరు. దాతకు రుజువు కావాలంటే వస్తువుల ఫొటో, లెక్కల పుస్తకం చూపించండి. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు అప్పు పత్రం రాసుకోవడం గురించినదన్న సంగతి మరువకండి. ప్రజల సొమ్ము అమానత్. రాసినవాడిని అవమానించినట్లు భావించకూడదు, రాయమని అడిగినవాడు అనుమానించినట్లూ భావించకూడదు.

అల్లాహ్ మన పల్లెలను, పట్టణాలను, సముద్రంపై ఉన్న మత్స్యకారులను కాపాడుగాక. ఇల్లు విడిచినవారికి నీడ కల్పించే భాగ్యం మనకు ప్రసాదించుగాక. ఆమీన్.

నమాజు తరువాత వజూఖానా పక్క గదిలో పుస్తకం తెరిచి ఉంటుంది. పడవ గలవారు, వ్యాను గలవారు, ఈత వచ్చినవారు, వంట చేసేవారు తమ పేర్లు రాయించండి. మొదటి నాలుగు పేజీలు మాత్రం ఖాళీగా వదిలాము. మీ వీధిలో, మీ పొలానికి వెళ్లే దారిలో, వరద వస్తే తమంతట తాము రాలేని వారెవరున్నారో, ఏ మతం వారైనా సరే, ఆ పేజీలలో రాయించండి. వచ్చే జుమా లోపల ఇద్దరు చొప్పున వెళ్లి ఆ ఇళ్లను చూసి వస్తారు.