కూలి పెరిగితే పని పోతదా?

(మేడ్చల్, శామీర్‌పేట యువజనుల సభలో చేసిన ఉపన్యాసం)



బడిలో మేం చదువు చెప్పిన పిల్లలే మేడ్చల్ ఇండస్ట్రియల్ ఏరియాకు, తుర్కపల్లి దిక్కు కంపెనీలకు పని కోసం పోతున్నరు. గేటు కాడ వాళ్లు వినే మాట ఒక్కటే: "సర్కారు కూలి పెంచితే ముందు కొత్త పోరగాళ్లనే తీసేస్తం." మన వాడల్లో కూడా కొందరు దీన్ని నమ్ముతున్నరు. సరే, పెరిగిన కూలి ఇక్కడ ఇచ్చిందెవరు?

కనీస వేతనాల బిల్లును 1946 ఏప్రిల్‌లో సభలో పెట్టింది బాబాసాహెబే. 1948లో చట్టమైంది. ఐదేండ్లు దాటకుండా రేట్లు తిరిగి చూడాలని అందులో రాసి ఉండె. 2025 నవంబరులో దాని జాగాలో వేతనాల కోడ్ వచ్చింది, అందులోనూ ఐదేండ్ల మాటే ఉన్నది. మరి తెలంగాణ వచ్చింది 2014లో. ఐదు రంగాలకు జీవోలు ఇచ్చింది 2021 జూన్‌లో. అవీ గెజెట్‌కు ఎక్కలేదు. ఎక్కించమని 2023లో హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. పెరగని కూలి మన పిల్లల పని ఎట్ల పోగొట్టింది?

అమెరికాలోనూ ఇదే తగాదా. 1992 ఏప్రిల్‌లో న్యూజెర్సీ రాష్ట్రం గంట కూలిని 4.25 డాలర్ల నుంచి 5.05కు పెంచింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. కుర్రకారు ఎక్కువగా పనిచేసే హోటళ్లను రెండు దిక్కులా కార్డ్, క్రూగర్ అనే ఆర్థికవేత్తలు లెక్కగట్టిండ్రు. పెంచిన చోట కొలువులు తగ్గలేదు. ఒప్పుకోని పండితులూ ఉన్నరు. ఎంత పెంచినా ఏం కాదని మేమూ అనం. కానీ అక్కడ పెంచిన కూలి చేతికొచ్చింది.

ఇక్కడ మన పిల్లగాణ్ణి "ట్రైనీ" అని రాసుకుంటరు. అప్రెంటిస్ చట్టం కింద తీసుకుంటే ఇచ్చేది స్టైపెండే. పని నేర్పితే మంచిదే. రోజంతా లారీలకు లోడింగు చేయించుడు ఏం నేర్పుడు? ఇంకోదిక్కు ఒడిశా, బీహారు కూలీలను గుత్తేదారు రేకుల షెడ్లలో పెట్టి పన్నెండు గంటలు చేయించుకుంటడు. వాళ్ల మీద కోపం పెట్టుకోవద్దు. వాళ్లకూ చట్టం చెప్పిన కూలి, ఓవర్‌టైము ఇయ్యాల్సి వస్తే మనల్ని గేటు బయట నిలబెట్టుడులో యజమానికి లాభమే ఉండదు.

కనీస వేతనం కన్నా తక్కువిచ్చి చేయించుకునేది వెట్టిచాకిరేనని 1982లో ఏషియాడ్ కూలీల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. వెట్టి అంటే ఏందో మన తాతలకు ఎవరూ చెప్పనక్కరలేదు.

వచ్చే ఆదివారం జీతం స్లిప్పులు పట్టుకొని రండి. స్లిప్పు లేనోళ్లు పనిచేసిన దినాలు, చేతికొచ్చిన పైసలు కాగితం మీద రాసుకొని రండి. ట్రైనీలు ముందుగాల రావాలె. ఒడిశా అన్నలను కూడా పిలవండి, లేబర్ ఆఫీసుకు అందరి పేర్లతోటి ఒక్కటే దరఖాస్తు పెడదాం.