కంసావతీ తీరమునందలి పాథ్రా ఆలయములు



ఖరగ్‌పూరు నుండి మేదినీపురమునకు రైలులో పోవువారికి కంసావతీ నది చిరపరిచితము. స్థానికులు దీనిని కాసాయి అందురు. మేదినీపురము స్టేషను సమీపించుచున్నదనగా బండి ఆ నది వంతెన నెక్కును. వేసవిలో ఇసుక తిన్నెలును, వర్షకాలమున బురదనీటి ప్రవాహమును కిటికీ నుండి కనబడును. ఆ నది యొడ్డుననే, మేదినీపురమునకు సుమారు 10 కిలోమీటర్ల దూరమున, పాథ్రా అను గ్రామము కలదు. ఒకప్పుడు వైభవముతో వెలిగి, పిమ్మట పాడువడి, అడవిపాలై, మరల వెలుగు చూచిన దేవాలయ సముదాయ మచ్చట నున్నది. ఇంత చేరువనున్న ఆ యూరి కథ తెలుగు కుటుంబములు తెలిసికొనదగినది.

18వ శతాబ్దిలో, బంగాళా నవాబుల పాలనలో, రత్నచక్ పరగణాకు శిస్తు వసూలు చేయు అధికారిగా విద్యానంద ఘోషాల్ అను నతడు నియమింపబడెను. అతడు పాథ్రాలో ఆలయములు కట్టింప మొదలిడెను. అతని వంశీయులు మజుందారు అను బిరుదనామముతో ఆ పనిని కొనసాగించిరి. శిస్తు సొమ్ము గుళ్లపాలైనదని నవాబు కోపించి, విద్యానందుని ఏనుగుచేత త్రొక్కింప నాజ్ఞాపించెననియు, ఏనుగు అతనిపై కాలు మోపక దాటిపోయెననియు, ఆ సంఘటనను బట్టియే ఊరికి పాథ్రా అను పేరు కలిగెననియు జనశ్రుతి.

ఈ కథ విన్న తెలుగువానికి భద్రాచలమందలి కంచర్ల గోపన్న తలంపునకు రాక మానడు. అచ్చటను శిస్తు సొమ్ము, గుడి నిర్మాణము, ప్రభువు ఆగ్రహము. అయితే రెండు క్షేత్రముల తరువాతి చరిత్ర వేరు. గోపన్న తరువాతను భద్రాచలమునకు భక్తులు వచ్చుచునే యుండిరి. పాథ్రాలో గుళ్లు కట్టిన కుటుంబముల సంపద తరిగెను. పెక్కుమంది ఊరు విడిచిరి. దీపము పెట్టువారు లేకపోయిరి.

ఇచ్చటి శిల్పులు ఆలయములకు ముఖ్యముగా ఇటుకను, సున్నమును వాడిరి. కాల్చిన మట్టి పలకలపై దేవతామూర్తులను, లతలను మలచి గోడలకు తాపిరి. తొమ్మిది శిఖరములు గల నవరత్నాలయము, కృష్ణుని రాసోత్సవమునకై కట్టిన రాసమంచము, శీతలాదేవి గుడి వీనిలో చెప్పదగినవి. శీతల యనగా తెలుగు పల్లెలందలి పోలేరమ్మవలె మసూచి నుండి కాపాడు తల్లి.

మనుష్యులు విడిచిన పిమ్మట చెట్లు ప్రవేశించెను. రావిపండ్లు, మఱ్ఱిపండ్లు తినిన పక్షులు విత్తనములను శిఖరముల పగుళ్లలో విడుచును. వాన తగిలినంతనే అవి మొలకెత్తును. వేరు తేమను వెదకుచు సున్నపు అతుకుల వెంబడి లోనికి దిగును. వెండ్రుకవలె ప్రవేశించినది కొన్ని సంవత్సరములకు చేతిలావై ఇటుకలను ఎడము చేయును. ఆ సందులో వాననీరు దిగి గర్భగుడిని నానబెట్టును. వింత యేమనగా, కొంతకాలమునకు గోడను చీల్చిన ఆ వేరే గోడను పట్టి నిలుపును. అప్పుడు చెట్టును పెఱికినచో గోడయు కూలును. కొమ్మలను మాత్రమే నరకినచో అవి మరల చిగిర్చును. కావున వేరును క్రమక్రమముగా చంపుచు, ఆ ఖాళీలను సున్నముతో నింపవలసి యుండును. అది ఓర్పుతో చేయవలసిన పని. అడవి కొంత చెఱచినది. ఇండ్లకొరకు ఇటుకలు మోసికొనిపోయిన మనుష్యులు మరికొంత చెఱచిరి.

ఇట్టి దశలో ఆ గుళ్లను కాపాడ పూనుకొన్నవాడు ధనికుడు కాడు, పండితుడు కాడు, ఆ గుళ్లు కట్టిన వంశమువాడును కాడు. ప్రక్కనున్న హాతిహల్కా గ్రామవాసి యగు ఇయాసిన్ పఠాన్. ఇతడు ముస్లిము, ఒక పాఠశాలలో బంట్రోతుగా పనిచేసినవాడు. ఇటుకలు తీయవలదని ఇతడు ఇంటింటికి తిరిగి చెప్పెను. గుళ్లతో నీకేమి పని యని హిందువులును ప్రశ్నించిరి, తన మతమువారును ప్రశ్నించిరి. అతడు వెనుదీయలేదు. హిందువులను, ముస్లిములను, ఆదివాసులను కలిపి పాథ్రా పురావస్తు పరిరక్షణకై ఒక సంఘమును స్థాపించెను. మతసామరస్యమునకు చేసిన సేవకుగాను 1994లో అతనికి కబీర్ పురస్కారము లభించెను. 2003లో భారత పురావస్తు శాఖ ఇచ్చటి 34 ఆలయములలో 28 ఆలయములను తన రక్షణలోనికి తీసికొనెను. చిన్న జీతముగాండ్రు సెలవు దినములలో చేసిన పనికి ఫలితము రాదనువారికి ఇది తగిన సమాధానము.

ఈ కథలో ఖరగ్‌పూరు తెలుగువారు ఆలోచింపవలసిన విషయ మొకటి కలదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున ఉద్యోగములకై వచ్చిన తెలుగువారు ఈ పట్టణమున గుళ్లు కట్టుకొనిరి, సంఘములు పెట్టుకొనిరి, పండుగలు నిలుపుకొనిరి. పదవీ విరమణ చేసినవారిలో కొందరు స్వగ్రామములకు పోవుదురు. పిల్లలు చదువులకు, ఉద్యోగములకు దూరదేశములు చేరుదురు. అప్పుడు పూర్వులు కట్టినది ఎవరిది? కట్టినవాని వారసునిదా, ప్రక్కన నివసించువానిదా? పాథ్రాలో వారసులు విడిచిపోగా ప్రక్కయూరివాడు కాపాడెను. ప్రతియూరికిని అట్టి పొరుగువాడు దొరకునని నమ్మి కూర్చుండుట తగదు.

అట్లే తెలుగువారును ఇచ్చటి వంగీయుల సంపదకు పొరుగువారే. శీతకాలపు ఆదివారము నాడు పిల్లలతో పాథ్రాకు పోయి రావచ్చును. గోడలెక్కకుండ, మట్టిపలకలను ముట్టకుండ, ఒక్క ఇటుకయైనను జ్ఞాపకార్థము తీయకుండ చూచి రావలెను. మరల ఖరగ్‌పూరు చేరిన పిమ్మట, తమ సంఘపు గుడి గోడపై రావిమొక్క యేదైన మొలచినదేమో పరికింపవలెను. రెండాకుల మొక్కగా నున్నప్పుడు దానిని రెండు వ్రేళ్లతో తీసివేయవచ్చును.